సెరొటోనిన్ రిసెప్టర్ల లెక్క: 1బీ తర్వాత నేరుగా 1డీ ఎందుకు వస్తుంది?

సెరొటోనిన్ రిసెప్టర్ల జాబితా ఏ ఫార్మకాలజీ పుస్తకంలో చూసినా ఇలా ఉంటుంది: 5-హెచ్‌టీ1ఏ, 1బీ, 1డీ, 1ఈ, 1ఎఫ్, తర్వాత 2ఏ, 2బీ, 2సీ, ఆపైన 3, 4, 5ఏ, 5బీ, 6, 7. ఇంకోసారి నెమ్మదిగా చదవండి. 1బీ తర్వాత 1డీ ఉంది, మధ్యలో 1సీ లేదు. అది అచ్చుతప్పు కాదు. ఒకప్పుడు 1సీ ఉండేది, దాని మీద పరిశోధనా పత్రాలు కూడా వచ్చాయి, తర్వాత దాన్ని తీసుకెళ్లి పక్క కుటుంబంలో కలిపేసి, ఖాళీ అయిన ఆ పేరు ఇంకెవరికీ ఇవ్వకుండా అలాగే వదిలేశారు.

ఆ ఖాళీ ఎలా వచ్చిందో తెలిస్తే ఈ రిసెప్టర్ల గందరగోళం సగం విడిపోతుంది. "సెరొటోనిన్ తగ్గితే డిప్రెషన్ వస్తుంది", "సెరొటోనిన్ అంటే హ్యాపీ హార్మోన్", "ఈ మందు సెరొటోనిన్ మీద పనిచేస్తుంది" లాంటి మాటలు రోజూ ఎక్కడో ఒకచోట కనబడుతూనే ఉంటాయి. వాటిని చదివినప్పుడల్లా నాకు వచ్చే ప్రశ్న ఒక్కటే: ఏ రిసెప్టర్ మీద? ఆ ఒక్క ముక్క చెప్పకపోతే మిగతా వాక్యానికి పెద్దగా అర్థం ఉండదు.

ముందు మాటలు తేల్చుకుందాం

సెరొటోనిన్ అసలు రసాయన నామం 5-హైడ్రాక్సీట్రిప్టమిన్, దాన్నే కుదించి 5-హెచ్‌టీ అంటారు. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి శరీరం దీన్ని తయారు చేసుకుంటుంది. అందరూ దీన్ని మెదడు రసాయనం అనుకుంటారు గానీ ఒంట్లో ఉన్న సెరొటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లోనే ఉంటుంది. రక్తంలో ప్లేట్‌లెట్లు దీన్ని దాచుకుని తిరుగుతుంటాయి. పేగులో తయారైనది మెదడులోకి వెళ్లలేదు, మెదడుకు కావాల్సింది మెదడే చేసుకుంటుంది.

రిసెప్టర్ అంటే కణం పొరలో కూర్చుని ఉండే ఒక ప్రొటీన్. సెరొటోనిన్ బయటి నుంచి వచ్చి దానికి అతుక్కోగానే ఆ ప్రొటీన్ ఆకారం కాస్త మారుతుంది, ఆ మార్పు కణం లోపలికి ఒక కబురుగా వెళ్తుంది. ఇక్కడే చాలామంది పొరపడతారు. కబురు తెచ్చేది ఒకటే అయినా, అది అందుకున్న ఇల్లు ఏదన్నదాన్ని బట్టి లోపల జరిగే పని మారిపోతుంది. ఒక చోట కణం చురుకవుతుంది, ఇంకో చోట అదే సెరొటోనిన్‌కి కణం నెమ్మదిస్తుంది.

రిసెప్టర్‌ను పనిచేయించే మందును అగోనిస్ట్ అంటారు, దాన్ని ఆక్రమించుకుని సెరొటోనిన్‌కి అడ్డుపడేదాన్ని యాంటగోనిస్ట్ అంటారు. డిప్రెషన్‌కి ఎక్కువగా రాసే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు ఈ రెండూ కావు. అవి విడుదలైన సెరొటోనిన్‌ను తిరిగి లోపలికి లాక్కునే ట్రాన్స్‌పోర్టర్‌ను ఆపుతాయి, అది రిసెప్టరే కాదు. ఫలితంగా న్యూరాన్ల బయట సెరొటోనిన్ ఎక్కువసేపు ఉంటుంది, చుట్టుపక్కల ఏ రిసెప్టర్లు ఉంటే వాటన్నిటికీ తగులుతుంది.

పేగు నుంచి వచ్చిన పేరు, రక్తం నుంచి వచ్చిన పేరు

1930లలో ఇటలీలో విట్టోరియో ఎర్స్‌పామర్ పేగు పొరలోని కొన్ని కణాల నుంచి కండరాన్ని ముడుచుకునేలా చేసే ఒక పదార్థాన్ని తీసి దానికి ఎంటరమిన్ అని పేరు పెట్టాడు. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మారిస్ రాపోర్ట్, ఆర్డా గ్రీన్, ఇర్విన్ పేజ్ రక్తనాళాలను బిగించే పదార్థం ఒకటి రక్తపు సీరం నుంచి వేరు చేసి దాన్ని సెరొటోనిన్ అన్నారు. మరుసటి ఏడు రాపోర్ట్ దాని నిర్మాణం తేల్చాడు. ఈ రెండూ ఒకటేనని 1952లో బయటపడింది. 1953లో బెట్టీ ట్వారోగ్, పేజ్ కలిసి అది మెదడులో కూడా ఉందని చూపించారు. అంటే మొదట పేగు, తర్వాత రక్తం, చివరికి మెదడు. జనంలో ఉన్న అభిప్రాయం మాత్రం సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంది.

గినీ పిగ్ పేగు ముక్కతో మొదటి విభజన

1957లో గాడమ్, పికరెల్లి అనే ఇద్దరు చేసిన ప్రయోగం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే రిసెప్టర్ల వర్గీకరణ అక్కడే మొదలైంది. గినీ పిగ్ చిన్నపేగు ముక్క ఒకటి ద్రావణంలో వేలాడదీసి సెరొటోనిన్ కలిపితే అది ముడుచుకుంటుంది. ముందుగా డైబెంజిలిన్ అనే మందు వేస్తే ఆ ముడుచుకోవడం తగ్గుతుంది కానీ పూర్తిగా ఆగదు. బదులుగా మార్ఫిన్ వేసినా అంతే, కొంత తగ్గి కొంత మిగులుతుంది. రెండూ కలిపి వేస్తేనే పూర్తిగా ఆగుతుంది.

దీని నుంచి వాళ్లు తీసిన నిర్ణయం ఏమిటంటే, అక్కడ సెరొటోనిన్‌ను అందుకునేవి రెండు రకాలు ఉండాలి. డైబెంజిలిన్‌కి లొంగేది డీ రకం, అది కండరం మీదే ఉంది. మార్ఫిన్‌కి లొంగేది ఎం రకం, అది కండరాన్ని నడిపే నరాల మీద ఉంది. అప్పటికి రిసెప్టర్‌ను కంటితో చూసినవాళ్లు లేరు, అది ప్రొటీన్ అని చేతికి చిక్కలేదు, జన్యువు సంగతి అసలే లేదు. ఒక పేగు ముక్క, రెండు మందులు, ఎంత ముడుచుకుందో గీసే ఒక గీత. ఆ కాస్త సరంజామాతో వేసిన లెక్క ఈనాటికీ నిలబడిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

1979: అతుక్కునే బలాన్ని బట్టి పేర్లు

ఆ తర్వాత పద్ధతి మారింది. మెదడు కణజాలాన్ని నూరి, అందులో రేడియోధార్మిక గుర్తు ఉన్న పదార్థం వేసి, అది ఎంత గట్టిగా అతుక్కుంటుందో కొలవడం మొదలైంది. 1979లో పెరూట్కా, స్నైడర్ ఈ పద్ధతితో మెదడులో రెండు రకాల చోట్లు చూపించారు. సెరొటోనిన్ గట్టిగా అతుక్కునే చోట్లకు 5-హెచ్‌టీ1 అని, స్పైపరోన్ అనే మందు గట్టిగా అతుక్కునే చోట్లకు 5-హెచ్‌టీ2 అని పేరు పెట్టారు. భ్రమలు కలిగించే ఎల్‌ఎస్‌డీ రెండింటికీ అతుక్కుంది.

ఇక్కడ చిక్కేమిటంటే, అంతకుముందు రెండు రకాలు, ఇప్పుడూ రెండు రకాలు, కానీ ఆ రెండూ ఈ రెండూ ఒకటి కావు. డీ రకం దాదాపుగా 5-హెచ్‌టీ2తో సరిపోయింది. ఎం రకానికి మాత్రం కొత్త లెక్కలో చోటే లేదు, ఎందుకంటే ఆ కొలత పద్ధతికి అది దొరకలేదు. ఏ వల వేస్తే ఆ వలకు చిక్కేవే దొరుకుతాయి కదా. 1986లో బ్రాడ్లీ, సహచరులు కూర్చుని రెండు లెక్కలనూ కలిపి, ఎం రకానికి 5-హెచ్‌టీ3 అని పేరు పెట్టి సర్దారు. 1988లో ఎలుక మెదడు న్యూరాన్లలో ఈ మూడింటికీ సరిపోని ఇంకో స్పందన కనబడితే అది 5-హెచ్‌టీ4 అయింది.

జన్యువులు దొరికాక 1సీ ఇల్లు మారింది

ఇప్పుడు మొదటి ప్రశ్న దగ్గరకు వద్దాం. 1980లలో మెదడులో ద్రవాన్ని తయారు చేసే కోరాయిడ్ ప్లెక్సస్ అనే భాగంలో సెరొటోనిన్ గట్టిగా అతుక్కునే రిసెప్టర్ ఒకటి దొరికింది. గట్టిగా అతుక్కుంటోంది కాబట్టి నాటి నియమం ప్రకారం అది 1వ కుటుంబమే. 1ఏ, 1బీ అప్పటికే ఉన్నాయి కాబట్టి దానికి 1సీ అని పేరొచ్చింది. అందులో తప్పేమీ లేదు, ఆ నియమం అదే.

అయితే 1988లో డేవిడ్ జూలియస్ బృందం దాని జన్యువును వేరు చేశాక వేరే బొమ్మ కనబడింది. (ఈ జూలియస్‌కే 2021లో వేడి, స్పర్శ రిసెప్టర్ల పరిశోధనకు నోబెల్ వచ్చింది.) 2ఏ అని ఇప్పుడు మనం పిలిచేదాని అమైనో ఆమ్లాల వరుసతో పోల్చి చూస్తే ఈ రెండూ తోడబుట్టినవాటిలా ఉన్నాయి. కణం లోపలికి పంపే కబురు కూడా 2వ కుటుంబం పంపేదే, 1వ కుటుంబం పంపేది కాదు. అడ్డుకునే మందులు కూడా చాలావరకు అవే. ఒక్క అతుక్కునే బలం తప్ప మిగతా అన్నీ అటువైపే చూపిస్తుంటే చివరికి దాన్ని 2సీ అని మార్చారు.

ఈ అనుభవం తర్వాతే ఒక్క కొలతను నమ్ముకుంటే కుదరదని అందరూ ఒప్పుకున్నారు. 1994లో హోయర్, సహచరులు అంతర్జాతీయ ఫార్మకాలజీ సంఘం తరఫున రాసిన వర్గీకరణలో మూడు కొలమానాలు పెట్టారు. ఏ మందులకు ఎలా స్పందిస్తుంది, ప్రొటీన్ నిర్మాణం ఏమిటి, కణం లోపల ఏ దారిలో కబురు పంపుతుంది. మూడూ కలిస్తేనే పూర్తి పేరు. జన్యువు మాత్రమే దొరికి, శరీరంలో దాని పని తేలనివాటిని ఇంగ్లిష్‌లో చిన్న అక్షరాలతో రాయాలన్నారు, పని తేలాక పెద్ద అక్షరాలు. తెలిసినదానికీ తెలియనిదానికీ మధ్య గీతను పేరులోనే చూపించడం అన్న ఆ ఆలోచన నాకు బాగా నచ్చుతుంది.

ఎలుకలో 1బీ, మనిషిలో 1డీ అనుకున్నారు

ఇంకో చిక్కు ఇంతకంటే విచిత్రమైనది. ఎలుకల మెదడులో 1బీ ఉండేది, మనిషి మెదడులో కనబడేది కాదు. మనిషిలో దాని చోట 1డీ ఉండేది. అధిక రక్తపోటుకు వాడే ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు కొన్ని ఎలుక 1బీకి గట్టిగా అతుక్కుంటాయి, మనిషి 1డీకి సరిగా అతుక్కోవు. మందులకు ఇంత తేడాగా స్పందిస్తుంటే రెండూ వేరు అనుకోవడం సహజమే.

జన్యువులు చూస్తే మనిషిలో 1డీ అనేది ఒకటి కాదు, రెండు ఉన్నాయి. వాటిలో ఒకటి ఎలుక 1బీకి జతే, వరుస 90 శాతానికి పైగా ఒకటే. మరి మందుల దగ్గర అంత తేడా ఎందుకు? 1992 ప్రాంతంలో తేలింది ఇది: మనిషి రిసెప్టర్‌లో 355వ స్థానంలో థ్రియోనిన్ ఉంది, ఎలుకలో దానికి సరిపోయే చోట ఆస్పరాజిన్ ఉంది. ప్రయోగశాలలో మనిషి రిసెప్టర్‌లోని ఆ ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చగానే అది ఎలుక రిసెప్టర్‌లా ప్రవర్తించింది! 1996లో మళ్లీ పేర్లు సవరించి, ఏ జంతువుదైనా మనిషి జన్యువుకు జతైన దాన్నిబట్టే పేరు ఉండాలని నిర్ణయించారు. అలా ఎలుకకూ మనిషికీ అదే 1బీ అయింది. అందుకే 1990ల మొదట్లో వచ్చిన పేపర్లలో 1డీ అన్న మాట కనబడితే అది ఇప్పటి 1డీయేనా, ఇప్పటి 1బీయా అని ఆగి చూసుకోవాలి.

ఇప్పుడున్న ఏడు కుటుంబాలు

మొత్తం ఏడు కుటుంబాలు, పద్నాలుగు రకాలు. వీటిలో ఆరు కుటుంబాలు జీ-ప్రొటీన్‌తో జతకట్టేవి, అంటే రిసెప్టర్ కదిలితే లోపల జీ-ప్రొటీన్ కదిలి, దాని వెనుక ఒక గొలుసు నడుస్తుంది. 1, 5 కుటుంబాలు కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే కబురు పదార్థాన్ని తగ్గిస్తాయి. 4, 6, 7 దాన్ని పెంచుతాయి. 2వ కుటుంబం దారి వేరు, అది ముఖ్యంగా కణం లోపల క్యాల్షియం విడుదలయ్యేలా చేస్తుంది.

3వది మాత్రం పూర్తిగా వేరే జాతి. అది ఐదు ముక్కలు కలిసి గుండ్రంగా ఏర్పడిన ద్వారం. సెరొటోనిన్ తగలగానే తెరుచుకుని సోడియం, పొటాషియం లాంటి అయాన్లను వెళ్లనిస్తుంది, అంతా మిల్లీసెకన్లలో అయిపోతుంది. నిర్మాణాన్ని బట్టి చూస్తే దీని బంధువులు కండరాల మీద ఎసిటైల్‌కోలిన్ అందుకునే రిసెప్టర్లే తప్ప మిగతా సెరొటోనిన్ రిసెప్టర్లు కావు. సెరొటోనిన్‌ను అందుకుంటుంది అన్న ఒక్క కారణం మీదే ఈ జాబితాలో ఉంది.

5, 6, 7 కుటుంబాలు 1990ల మొదట్లో జన్యువుల వేటలో దొరికాయి, అంటే ముందు రిసెప్టర్ చేతికొచ్చింది, అది ఏం చేస్తుందన్న ప్రశ్న తర్వాత మొదలైంది. గాడమ్ కాలానికి ఇది సరిగ్గా తిరగేసిన దారి. 5బీ సంగతి చెప్పి ముందుకు వెళ్దాం: ఎలుకలో అది పనిచేస్తుంది, మనిషిలో ఆ జన్యువు మధ్యలో ఆపమనే గుర్తులు ఉండటం వల్ల ప్రొటీన్ తయారవదు. కాబట్టి మనిషి వరకు లెక్క వేస్తే పదమూడే.

ఒక్క అక్షరం తేడా, గుండె కవాటం

ఈ అక్షరాలూ అంకెలూ పరిశోధకుల గొడవ కదా, మనకెందుకు అనిపిస్తే ఫెన్‌ఫ్లురమిన్ కథ చూడాలి. ఆకలి తగ్గించి బరువు తగ్గించే మందుగా అమెరికాలో దీన్ని విరివిగా వాడారు. ఆకలి తగ్గడంలో ముఖ్యపాత్ర 2సీది. కానీ శరీరంలో ఈ మందు నార్‌ఫెన్‌ఫ్లురమిన్‌గా మారుతుంది, అది 2బీని కూడా గట్టిగా పనిచేయిస్తుంది. 2బీ గుండె కవాటాల కణాల మీద ఉంటుంది, దాన్ని అదే పనిగా కదిలిస్తే ఆ కణాలు పెరిగి కవాటం మందమవుతుంది, సరిగా మూసుకోదు, రక్తం వెనక్కి కారుతుంది. 1997లో వరుసగా కేసులు బయటపడి మందును మార్కెట్ నుంచి తీసేశారు. దీనికి కారణం 2బీ అని 2000లో తేలింది. సెరొటోనిన్‌ను విపరీతంగా విడుదల చేసే కార్సినాయిడ్ కణితి ఉన్నవాళ్లలో కూడా గుండె కుడివైపు కవాటాలు ఇలాగే దెబ్బతింటాయని వైద్యులకు అంతకుముందే తెలుసు. ఆ రెండు విషయాలనూ కలిపే ముడి 2బీ దగ్గర దొరికింది.

ఇప్పుడు కొత్త మందు ఏది తయారు చేస్తున్నా 2బీని కదిలిస్తుందా అని ముందుగానే పరీక్షించడం మామూలైంది. 2బీని వదిలి 2సీ మీదే పనిచేసేలా తయారైన లోర్కసెరిన్‌కు 2012లో అనుమతి వచ్చింది. 2020లో దాన్నీ వెనక్కి తీసుకున్నారు, ఈసారి కారణం కవాటాలు కాదు, పెద్ద ట్రయల్‌లో క్యాన్సర్ కేసులు కాస్త ఎక్కువ కనబడటం. సరైన రిసెప్టర్‌ను ఎంచుకోవడంతోనే మందు క్షేమం అయిపోదు. అదే 2020లో ఫెన్‌ఫ్లురమిన్ తక్కువ డోసులో, పిల్లల్లో వచ్చే తీవ్రమైన మూర్ఛవ్యాధి డ్రావే సిండ్రోమ్‌కు మందుగా తిరిగి వచ్చింది, గుండె స్కాన్లు క్రమం తప్పకుండా చేయాలన్న షరతుతో.

మైగ్రేన్‌లోనూ ఇదే వరుస. సుమట్రిప్టాన్ 1బీ, 1డీ రెండింటినీ పనిచేయిస్తుంది. 1డీ నరాల చివరల్లో నొప్పి కబుర్లను తగ్గిస్తే, 1బీ తల రక్తనాళాలను బిగిస్తుంది. 1బీ గుండె రక్తనాళాల మీదా ఉంది కాబట్టి గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఈ మందు ఇవ్వరు. 2019లో అనుమతి పొందిన లాస్మిడిటాన్ 1ఎఫ్ మీద పనిచేస్తుంది, నాళాలను బిగించదు, అయితే తల తిప్పుతుంది, వేసుకున్నాక ఎనిమిది గంటలు వాహనం నడపకూడదు. కీమోథెరపీలో వాంతులు ఆపే ఒండాన్‌సెట్రాన్ 3ను అడ్డుకుంటుంది, అందుకే కొందరికి మలబద్ధకం వస్తుంది. మలబద్ధకానికి ఇచ్చే ప్రుకలోప్రైడ్ 4ను పనిచేయిస్తుంది. ఒకే పేగు, ఒకే సెరొటోనిన్.

పద్నాలుగు అన్న అంకె దగ్గర కూడా వాదన ఉంది

జన్యువుల లెక్క ప్రకారం పద్నాలుగు సరే. కానీ 2సీ జన్యువు నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏను, అంటే ప్రొటీన్ తయారీకి వాడే ఆ జన్యువు నకలును, కణం సవరించగలదని 1997లో తెలిసింది. ఆ సవరణ ఐదు చోట్ల జరగగలదు, దాని వల్ల ఒక్క జన్యువు నుంచి 24 రకాల ప్రొటీన్లు రావచ్చు, వాటి చురుకుదనం ఒకేలా ఉండదు. 4, 7 జన్యువుల ఆర్‌ఎన్‌ఏ వేర్వేరుగా కత్తిరించి అతకబడటం వల్ల వాటిలోనూ రకాలున్నాయి. వీటన్నిటికీ వేరే పేర్లు ఇవ్వాలా? ప్రవర్తన వేరైతే పేరు వేరుండాలని కొందరి వాదన. అలా పోతే జాబితాకు అంతే ఉండదు, జన్యువును ఆధారంగా పెట్టుకుంటేనే స్థిరత్వం అని ఇంకొందరిది. నాకు రెండోదే సబబుగా అనిపిస్తుంది, మొదటివాళ్లు చూపించే తేడాలు మాత్రం నిజమైనవే.

ఇంతకంటే లోతైన చిక్కు 2ఏ దగ్గర ఉంది. కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే సైలోసిబిన్ తీసుకుంటే వచ్చే భ్రమలకు 2ఏయే ప్రధాన కారణం, ఎందుకంటే ముందుగా 2ఏను అడ్డుకునే కెటాన్‌సెరిన్ ఇస్తే మనుషుల్లో ఆ ప్రభావం రాలేదు. మరి లిసురైడ్ అనే మందు కూడా 2ఏను పనిచేయిస్తుంది, మామూలు డోసులో దానికి భ్రమలు రావు. ఒకే రిసెప్టర్, రెండూ అగోనిస్టులే. రిసెప్టర్ ఒకటే ఆకారంలోకి మారదనీ, పట్టుకున్న పదార్థాన్ని బట్టి లోపల వేర్వేరు దారులు తెరుస్తుందనీ ఒక వివరణ. లిసురైడ్ 2ఏను బలహీనంగా మాత్రమే కదిలిస్తుందనీ, భ్రమలకు ఆ బలం చాలదనీ ఇంకో వివరణ. తాళం, తాళంచెవి అనే పాత పోలిక ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే ఒక తాళాన్ని రెండు చెవులు తెరిస్తే తెరుచుకునేది ఒకే తలుపు.

"సెరొటోనిన్ తక్కువైంది" అన్న మాట ఎక్కడ నిలుస్తుంది

2022లో మాంక్రీఫ్, సహచరులు ప్రచురించిన సమీక్ష మీద పెద్ద చర్చ జరిగింది. రక్తంలో సెరొటోనిన్, దాని వ్యర్థాలు, 1ఏ రిసెప్టర్, ట్రాన్స్‌పోర్టర్ ఇవన్నీ కొలిచిన పాత అధ్యయనాలను కలిపి చూసి, సెరొటోనిన్ తగ్గడం వల్లే డిప్రెషన్ వస్తుందనడానికి నిలకడైన ఆధారం లేదన్నారు. విమర్శకులు చెప్పింది, ఆ కొలతలన్నీ పరోక్షమైనవి, బతికున్న మనిషి మెదడులో న్యూరాన్ల మధ్య సెరొటోనిన్‌ను నేరుగా కొలవడం చాలా కష్టం, పైగా జబ్బుకు కారణం ఏదైనా మందు పనిచేయవచ్చు, అవి రెండు వేర్వేరు ప్రశ్నలు.

రిసెప్టర్ల వైపు నుంచి చూస్తే "ఎక్కువ, తక్కువ" అన్న ప్రశ్నే సరిపోదు. 1ఏనే తీసుకోండి. సెరొటోనిన్ విడుదల చేసే న్యూరాన్ల మీదే 1ఏ ఉంటే అది "ఇక చాలు" అని ఆపే పని చేస్తుంది. అదే 1ఏ హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగంలో సెరొటోనిన్‌ను అందుకునే న్యూరాన్ల మీద ఉంటే అక్కడ దాని ఫలితం వేరు. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మొదలుపెట్టగానే ఆపే 1ఏ రిసెప్టర్లు అడ్డుపడతాయనీ, వారాల తర్వాత అవి మొద్దుబారాకే మందు ఫలితం కనబడుతుందనీ ఒక సిద్ధాంతం ఉంది. ఆ అడ్డును ముందే తీసేయాలని 1ఏకి అతుక్కునే పిండొలాల్ అనే మందు జోడించి చేసిన ట్రయల్స్ ఫలితాలు ఒకేలా రాలేదు, కాబట్టి అది తేలిన విషయం కాదు. రిసెప్టర్ పేరు ఒకటే అయినా చిరునామా మారితే పని మారుతుంది, ఆ చిరునామా మాత్రం ఏ వర్గీకరణ పేరులోనూ ఉండదు. మందు తీసుకుంటున్నవాళ్లు ఈ చర్చ చదివి మధ్యలో మానేస్తే ఇబ్బంది పడేది వాళ్లే కాబట్టి ఈ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను, ఆ నిర్ణయం డాక్టర్‌తో మాట్లాడి తీసుకోవాల్సింది.

జాబితాలో ఇంకా సరిగా తెలియనిది 1ఈ. మనిషి మెదడులో ఉంది, దాని పని ఏమిటో స్పష్టంగా తేలలేదు. ప్రయోగాలన్నీ ఎక్కువగా జరిగే ఎలుకల్లో, చుంచుల్లో ఆ జన్యువే లేదు, కాబట్టి దాన్ని తీసేసి ఏం జరుగుతుందో చూసే మామూలు దారి మూసుకుపోయింది. వేరే జంతువు కోసం వెతికితే 2004లో ఒకదానిలో ఆ జన్యువు దొరికింది, మెదడులో పనిచేస్తూనే ఉంది. ఆ జంతువు గినీ పిగ్.